గిఫ్ట్: బహుమతా, విషమా, పెళ్లా?

నిన్న గ్రూపులో ఒకరు జోకు పెట్టారు, స్వీడన్ వాళ్లకి పెళ్లయినా విషం తాగినా ఒకటే మాటట అని. నవ్వుకోవడానికి బాగుంది. కింద కామెంట్లలో మాత్రం చాలామంది "రెండూ వేరే మాటలు, స్పెల్లింగు అనుకోకుండా కలిసింది" అని తేల్చేశారు. అది నిజం కాదు. ఇంగ్లీషు గిఫ్టు, జర్మన్ గిఫ్టు (విషం), స్వీడిష్ గిఫ్టు (పెళ్లయినవాళ్లు, విషం కూడా) అన్నీ ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి "ఇచ్చు" అనే క్రియ. ఇంగ్లీషులో గివ్, జర్మన్‌లో గేబెన్ దాని రూపాలే.

పెళ్లి సంగతి మనకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. "పెద్దమ్మాయిని గుంటూరు ఇచ్చాం" అంటాం, "పిల్లనిచ్చిన మామ" అంటాం. పాత నార్స్ (వైకింగుల నాటి స్కాండినేవియా భాష)లో గిఫ్టా అన్న క్రియకి అర్థం సరిగ్గా ఇదే, పిల్లనివ్వడం. ఇప్పటి స్వీడన్‌లో ఏ ఫారం నింపినా గిఫ్ట్, ఊగిఫ్ట్ (వివాహితులు, అవివాహితులు) అని ఉంటుంది. మగవాళ్లూ అదే రాసుకుంటారు, ఇచ్చిందెవరినో ఎవరికీ పట్టదు. పలకడం మాత్రం "యిఫ్ట్" అని పలుకుతారు.

ఇంకో విచిత్రం. పాత ఇంగ్లీషులో కూడా ఈ మాటకి మామూలు బహుమతి అనే అర్థం లేదు. పెళ్లికూతురి కోసం ఇచ్చే కన్యాశుల్కం దాని అర్థం, బహువచనంలో వాడితే ఏకంగా పెళ్లి. దాన్నీ "యిఫ్ట్" అనే పలికేవారు. ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల నార్స్ ప్రభావంతోనే ఆ "గ" గట్టిపడింది. బహుమతి అన్న అర్థం 13వ శతాబ్దంలో కనిపిస్తుంది. జర్మన్‌లో పెళ్లి వాసన మిట్‌గిఫ్ట్ అనే మాటలో మిగిలింది. మిట్ అంటే తోడు. పిల్లతో పాటు ఇచ్చేది, అంటే కట్నం.

మరి విషం ఎక్కణ్ణుంచి వచ్చింది? గ్రీకు వైద్యులు రోగికి ఒక విడతలో ఇచ్చే మందుని దోసిస్ అనేవారు, "ఇవ్వడం" అని దాని అర్థం. మన డోసు అదే. (దోసిస్‌లోని ధాతువూ సంస్కృతం "దా" ధాతువూ ఒకటే, కాబట్టి దానానికీ డోసుకీ చుట్టరికం ఉంది.) లాటిన్ ద్వారా వచ్చిన ఈ దోసిస్‌ని జర్మన్ వాళ్లు తమ భాషలోకి దించుకుంటే గిఫ్ట్ అయింది. విషాన్ని విషం అనడానికి నోరు రాక "ఇచ్చినది" అన్నారు. తర్వాత ఆ ముసుగే ముఖమైపోయింది. ఇప్పుడు జర్మన్‌లో విడిగా గిఫ్ట్ అంటే విషం తప్ప ఇంకేమీ కాదు. మందుల షాపులో విషపదార్థాలు తాళం వేసి దాచే బీరువా గిఫ్ట్‌ష్రాంక్. లైబ్రరీల్లో అందరికీ ఇవ్వని పుస్తకాల అరనీ అలాగే అంటారు, ఆ వాడుక నాకు భలే నచ్చింది.

వ్యాఖ్య: డచ్ సంగతి వదిలేశారు. ఇక్కడ గిఫ్ట్ అంటే చందా, విరాళం. విషానికి చివరి ట తీసేసి గిఫ్ అంటారు, ఫెర్‌గిఫ్ అని కూడా. అదీ "గ" కాదు, గొంతు గీరుకుంటూ "ఖ" లాగా పలకాలి. ఒక్క అక్షరం తేడాతో బతుకుతున్నాం!

వ్యాఖ్య: ముసుగు మాట అన్నది బాగుంది మాస్టారూ. మా ఊళ్లో పాము కరిచిందని అనరు, పురుగు ముట్టింది అంటారు. ఫ్రెంచి పాయిజన్ కూడా ఇలాంటిదేనా?

జవాబు: అవునండీ. అది లాటిన్‌లో పోతియో, అంటే తాగేది. ఫ్రెంచిలో అదే మాట రెండుసార్లు వచ్చి ఒకటి పోషన్, ఒకటి పాయిజన్ అయింది. ఇటాలియన్ వెలేనో దారి వేరు. దాని మూలమైన లాటిన్ వెనేనుమ్ మొదట వశీకరణ మందు అయ్యుండాలని, ప్రేమదేవత వీనస్ పేరుతో సంబంధం ఉందని పండితుల మాట. గ్రీకు ఫార్మకోన్ అయితే ఔషధం, విషం, వశీకరణం మూడూ. మన "మందు" ఇంకాస్త ముందుకెళ్లింది. డాక్టరిచ్చేదీ మందే, పురుగులకి కొట్టేదీ మందే, "కోడలు మందు పెట్టింది" అన్నదీ మందే, రాత్రి పార్టీలో పోసేదీ మందే.

వ్యాఖ్య: విషం అన్న మాటకి అక్కడ చుట్టాలెవరూ లేరా?

జవాబు: ఉన్నారు. లాటిన్ వైరుస్. దాని పాత అర్థం విషమే. ఇప్పుడు మనం భయపడే వైరస్ అదే.

వ్యాఖ్య: ఐస్‌లాండ్ వాళ్లది కూడా స్వీడిష్ లాగేనా?

జవాబు: సగమే. పెళ్లి అర్థం ఉంది, గిఫ్టా అనే నామవాచకానికి అదృష్టం అని కూడా అర్థం. విషం మాత్రం వాళ్లకి ఎయ్‌తుర్. స్వీడిష్‌కీ డేనిష్‌కీ విషం అర్థం మధ్యయుగాల్లో ఉత్తర జర్మన్ మాండలికం నుంచి వచ్చింది. ఐస్‌లాండిక్‌లో పాత మాటే నిలిచింది. స్వీడిష్‌లోనూ ఆ పాత మాట ఎత్తర్ రూపంలో ఉంది, పాము విషం లాంటివాటికి వాడతారు.