టేక్ చివరికొచ్చేసరికి లిప్ సింక్ 13 ఫ్రేములు తప్పుతోంది, ఎక్కడ చూడాలి?

డిప్లొమా_టేక్2:
డైలాగ్ ఎక్సర్‌సైజ్ కోసం ఒక ఫ్లాట్‌లో ఇద్దరి సీన్ తీశాం. కట్ లేకుండా 9 నిమిషాల మాస్టర్. ఎ కెమెరా మిర్రర్‌లెస్, మెనూలో 24పి (సెకనుకు 24 ఫ్రేములు), షట్టర్ 1/60. బి కెమెరా ఆండ్రాయిడ్ ఫోన్, 30 ఫ్రేములు. సౌండ్ విడిగా రికార్డర్‌లో: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, బూమ్ (కర్రకి కట్టిన మైక్) ఒక ట్రాక్, లేపల్ (బట్టలకి తగిలించే చిన్న మైక్) ఒక ట్రాక్. ఎడిట్ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో, టైమ్‌లైన్ 24, ఎ కెమెరా క్లిప్పులన్నీ క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో 24కి మార్చాం.

క్లాప్ చప్పుడు దగ్గర పిక్చర్‌నీ సౌండ్‌నీ కలిపితే మొదట్లో బాగానే ఉంది. మూడో నిమిషానికి తేడా కనిపిస్తోంది. చివరికి పెదాలు ముందు కదిలి, మాట 13 ఫ్రేములు వెనక వస్తోంది. ఫోన్ షాట్ మరీ ఘోరం, ఒకచోట ముందుకీ ఇంకోచోట వెనక్కీ పోతోంది. రికార్డర్ పాతది, తప్పంతా దానిదే అని బ్యాచ్‌లో అందరూ తేల్చేశారు. పైగా ఎల్ఈడీ బల్బుల వెలుగులో గోడమీద చారలు మెల్లగా పాకుతున్నాయి. వచ్చే వారం అదే ఫ్లాట్‌లో ఇంకో సీన్ ఉంది. ఏం మార్చుకోవాలి?

ఎడిట్_బే:
పాపం రికార్డర్‌ని వదిలేయండి. మెనూలో 24 అని కనిపించినా చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు తీసేది 23.976. దాన్ని మీరు 24కి మార్చారు, అంటే పిక్చర్ వెయ్యో వంతు వేగంగా పరిగెడుతోంది. సౌండ్ మాత్రం అసలు వేగంలోనే ఉంది. 9 నిమిషాలంటే 540 సెకన్లు, అందులో వెయ్యో వంతు 0.54 సెకను, దాన్ని 24తో గుణిస్తే 12.96. మీ 13 ఫ్రేములు అవే. రికార్డర్‌లో టైమ్ నడిపే క్రిస్టల్ తేడా సాధారణంగా పది లక్షలకు కొన్ని పదుల వంతులే ఉంటుంది, 9 నిమిషాల్లో ఒక్క ఫ్రేము జరగడం కూడా కష్టం.

ముందు ఒరిజినల్ ఫైల్‌ని మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి ఫ్రేమ్ రేట్ లైన్ చూడండి. 23.976 అని ఉంటే 23.976తో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టండి. మీడియా ఎక్కించాక రిజాల్వ్ ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు, అందుకే కొత్తది. క్లిప్ ఆట్రిబ్యూట్స్ ముట్టుకోవద్దు. క్లాప్ దగ్గర కలపండి, ఆ తర్వాత టేక్ చివర్లో తలుపు మూసిన చప్పుడో గ్లాసు పెట్టిన చప్పుడో చూసుకుని సరిపోయిందో లేదో తేల్చుకోండి. సౌండ్‌ని 0.1 శాతం కుదించి అతికించే చిట్కా ఎవరైనా చెప్తే వినొద్దు. ఈ ఒక్క క్లిప్‌కి పని జరుగుతుంది, తర్వాత ఆంబియన్స్‌కీ (మాటల్లేని గది శబ్దం), వైల్డ్ ట్రాక్‌కీ (కెమెరా లేకుండా విడిగా తీసిన సౌండ్) కూడా అదే లెక్క మోసుకుంటూ తిరగాలి.

ఫోన్‌ది వేరే జబ్బు. గదిలో వెలుగు తగ్గినా, ఫోన్ వేడెక్కినా అది ఫ్రేమ్ రేట్‌ని దానంతట అదే మార్చేస్తుంది. మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్) వీడియో ట్యాబ్‌కి వెళ్లి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి, క్వాలిటీ ఆర్ఎఫ్ 16 నుంచి 18 మధ్య ఉంచి కొత్త ఫైల్ చేసుకోండి. ఎడిట్‌లోకి కొత్తదే వెళ్లాలి, అసలుది పక్కన భద్రంగా ఉండాలి. ఈసారి ఫ్రేమ్ రేట్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసే కెమెరా యాప్ వాడండి.

లైట్‌మెన్_పక్కన:
చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులూ చవక ఎల్ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, అన్ని ఫ్రేములూ సమానం. 1/60లో ఒకటిన్నర పైచిలుకు పడుతుంది, ఆ మిగిలిన ముక్కే గోడమీద పాకేది. 1/100 కూడా ఫరవాలేదు గానీ కదలిక కాస్త బిరుసుగా కనిపిస్తుంది. డిమ్మర్ తగిలించిన ఎల్ఈడీకి ఈ లెక్క పనిచేయదు. దాన్ని ఫుల్‌లో పెట్టి బటర్ పేపర్‌తో తగ్గించుకోండి, లేదా బల్బు మార్చేయండి.

అసలు మీ కెమెరా ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మోడ్‌లో ఉన్నట్టుంది. సెటప్ మెనూలో పాల్‌కి (మన టీవీ పద్ధతి) మార్చండి, 25పి అప్పుడే కనిపిస్తుంది. 25 అంటే నిజంగా 25, చుక్క తర్వాత తోకేమీ ఉండదు. మన టీవీకి ఇచ్చే పని కూడా 25లోనే కాబట్టి ప్రొడక్షన్ స్టూడెంట్‌కి ఇదే అలవాటు మంచిది. కొన్ని కెమెరాలు మోడ్ మారిస్తే కార్డు ఫార్మాట్ చేయమంటాయి, కాపీ అయ్యాకే మార్చండి.

ఫ్లాట్‌లో ప్లగ్గులు కూడా చూసుకోండి. 6 ఆంపియర్ల సాకెట్‌కి 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే హద్దు. ఒక 1కె బేబీ (1,000 వాట్ల లైటు) పెడితే ఇంకొకటి దానిమీద వద్దు. గీజర్ సాకెట్ 16 ఆంపియర్లది, దాదాపు 3,680 వాట్లు లాగుతుంది. పెద్ద లైటు వైరు అక్కణ్నుంచి లాక్కోండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరుని చుట్ట మీదే ఉంచి వాడితే వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరవండి.

డిప్లొమా_టేక్2:
చూశాను అన్నా, ఫైల్ 23.976 అనే చూపిస్తోంది. కొత్త ప్రాజెక్ట్‌లో చివరి వరకూ కుదిరింది. ఫోన్‌ది కన్వర్ట్ అవుతోంది. ఇంకో డౌట్: బూమ్ ట్రాక్‌లో గది గొంతుకంటే ఎక్కువ వినిపిస్తోంది. ఎలాగూ డబ్బింగ్ చెప్పిస్తాం కదా, సౌండ్ వదిలేద్దాం అంటున్నారు.

బూమ్_రాడ్:
చిన్న గదిలో పొడుగు షాట్‌గన్ మైక్ వాడి ఉంటారు. ఔట్‌డోర్‌లో పక్క శబ్దాల్ని తగ్గించే ఆ గొట్టం, లోపల సీలింగ్ నుంచి, గచ్చు నుంచి తిరిగొచ్చే మాటని వంకరగా పట్టుకుంటుంది. హైపర్‌కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే మాటనే ఎక్కువ పట్టే మైక్) దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే ఉన్నదాన్నే ఫ్రేము అంచుకి ఆనించినంత దగ్గరగా, తలకి అడుగున్నర ఎత్తులో, ఛాతీవైపు వంచి పట్టండి. కెమెరాలో కనిపించని గోడలకి బొంతలు కట్టండి, గచ్చు మీద రగ్గు పరవండి. కిటికీ కర్టెన్లు పలచగా ఉంటే అక్కడా ఒక దుప్పటి. గొంతు పెద్దదైనప్పుడు లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి, అరుపులున్న సీన్ అయితే ఇంకా తగ్గించండి. ఆటో లెవెల్ మాత్రం ఆఫ్. మాట ఆగిన ప్రతిచోటా గది రొదని పైకి లాగేది అదే.

ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవాళ్లు బండి తాళాలు దాన్లోనే పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి పోలేరు. నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడగండి. లేపల్ పెట్టే కాస్ట్యూమ్ గంజి పెట్టిన కాటన్ అయితే ముందే మార్పించండి, ఆ గరగర తర్వాత పోదు. అందరూ నిలబడ్డ చోటే ఉండగా, లైట్లు వెలుగుతుండగా ఒక నిమిషం ఆంబియన్స్ తీసుకోండి. సామాన్లు సర్దాక తీసిన ఆంబియన్స్ వేరే గదిలా వినిపిస్తుంది.

క్లాప్ మెల్లగా, మైక్ దగ్గర కొట్టండి, కెమెరాలో కర్రలు రెండూ కనిపించాలి. సీన్, షాట్, టేక్ గట్టిగా చదవాలి. మొదట్లో కొట్టడం కుదరకపోతే చివర్లో క్లాప్ తలకిందులుగా పట్టి కొట్టండి.

లూప్_నంబర్_7:
"డబ్బింగ్‌లో చూసుకుందాంలే" అనేవాళ్ల పైలట్ ట్రాకే (షూటింగ్‌లో తీసిన సౌండ్) ఎప్పుడూ అర్థంకాకుండా ఉంటుంది. డబ్బింగ్ థియేటర్లో డైలాగ్‌ని చిన్న చిన్న లూపులుగా కోసి, హెడ్‌ఫోన్‌లో పైలట్ వింటూ చెప్తారు. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ మాట మింగాడో అందులోనే ఉంటుంది. అది జారితే ప్రతి లూపూ చేత్తో జరపాలి, గంటల లెక్కన థియేటర్ బిల్లు మీ జేబులోంచే.

మాట మార్చాల్సివస్తే పెదాలు మూసే అక్షరాలు చూసుకోండి. క్లోజప్‌లో "పోదాం" బదులు "వెళ్దాం" పెడితే మొదటి అక్షరానికే దొరికిపోతారు. "బయల్దేరదాం" అయితే పెదాల మూత కలుస్తుంది, పొడుగు మాత్రం రెట్టింపు. దాన్ని వెనక్కి తిరిగిన షాట్‌కి దాచుకోండి.