11 ఏళ్ళ బాబుకి డుషేన్ సంగతి చెప్పాలా, దాచాలా?

ఒంగోలు అమ్మ
నమస్తే అండీ. మా బాబుకి 11 ఏళ్ళు. ఆరో ఏట జన్యు పరీక్షలో డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు రానురానూ నీరసించిపోయే జబ్బు అని తేలింది. వాడికి మాత్రం "కాళ్ళలో బలం తక్కువ, మందులు వాడితే తగ్గిపోద్ది" అని చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు మెట్లెక్కలేడు. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. పోయిన ఆదివారం రాత్రి పాలు తాగుతూ "అమ్మా, పెద్దయ్యాక నేను నడుస్తానా?" అని అడిగాడు. నోట మాట రాక, గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. రెండు నెలలుగా వాడు మాటలు తగ్గించేశాడు. బడి నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. చెప్పేద్దామని నేనంటాను. వాళ్ళ నాన్న, మా అత్తయ్య ససేమిరా అంటున్నారు. "ఉన్నన్నాళ్ళూ వాణ్ణి నవ్వుతూ ఉండనివ్వు" అంటారు. మీ ఇళ్ళల్లో ఏం చేశారో చెప్పండి.

రాజమండ్రి తాతయ్య
అమ్మా, నా మాట కఠినంగా ఉంటే క్షమించు. మా మనవడు ఇదే జబ్బుతో 17వ ఏట పోయాడు. చివరిదాకా మేం చెప్పలేదు. వాడు క్రికెట్ చూశాడు, తమ్ముడితో దెబ్బలాడాడు, పులస పులుసు అడిగి మరీ తిన్నాడు. చావు సంగతి 70 ఏళ్ళు దాటిన నేనే తట్టుకోలేను, పసివాడి నెత్తిన ఎలా పెడతాం? మీ ఆయన చెప్పిందే సరైనది. దాచడం అబద్ధం కాదమ్మా, కాపు కాయడం.

హైదరాబాద్ నాన్న
మేం చెప్పాం. మా వాడికి అప్పుడు పదేళ్ళు. నాకు ధైర్యం చాలక డాక్టర్ గారినే చెప్పమన్నాను. ఆయన నెమ్మదిగానే చెప్పారు. అయినా వాడు మూడు వారాలు ఫిజియోథెరపీ చేయనన్నాడు. "ఎట్లాగూ తగ్గదుగా, ఎందుకు?" అనేవాడు. చెప్పేస్తే బరువు దిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, ముందు పెరుగుతుంది. కానీ నాలుగో వారం వాడే వచ్చి అడిగాడు: కాళ్ళు లాగే వ్యాయామం మానేస్తే ఏమవుతుంది అని. కీళ్ళు బిగుసుకుంటాయని చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి మా కోసం కాదు. నాకు ఒక్కటే పశ్చాత్తాపం, ఆ మాట డాక్టర్ గారి నోటితో చెప్పించడం. ఇంటికొచ్చాక వాడు నన్నేమీ అడగలేకపోయాడు. ఆ గదిలో నేను తలదించుకుని కూర్చున్నాను కదా, నాన్న దగ్గర ఈ మాట ఎత్తకూడదని అనుకున్నాడు.

కరీంనగర్ తమ్ముడు
అక్కా, నాకు 26 ఏండ్లు. నాకు డుషేనే. వేళ్ళు ఫోన్ మీద సరిగ్గ ఆడవు, అందుకే మాట్లాడుకుంట టైప్ చేస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా ఇంట్ల గూడ నాకు ఎవరు చెప్పలే. "నరాల బలహీనత" అన్నరు. 13 ఏండ్లప్పుడు దవాఖాన ఫైల్ల జబ్బు పేరు చూసి, రాత్రి అందరు పన్నంక బాపు ఫోన్ల వెతికిన. "20 ఏండ్లు దాటరు" అని ఉన్నది. ఇంక ఏడేండ్లు అని లెక్క వేసుకున్న. ఆ లెక్క రెండేండ్లు నా తలల తిరిగింది. పరీక్షలకు చదవబుద్ధి కాకపోయేది, ఎందుకు చదువుడు అని. అమ్మకు తెలిస్తే తట్టుకోదని నేను దాచిన. నాకు తెలిస్తే తట్టుకోనని అమ్మ దాచింది. ఒక్క ఇంట్ల ఉండి ఎవరి ఏడుపు వాళ్ళే ఏడ్చినం.

అది పాత లెక్క అని నాకెవరు చెప్పాలె? స్టెరాయిడ్లు, గుండె మందులు, రాత్రిపూట ఊపిరికి బైపాప్ మిషన్ వచ్చినంక చానామంది ముప్పై దాక, ఇంకా పైన గూడ బతుకుతున్నరని 15 ఏండ్లప్పుడు డాక్టర్ సారు చెప్పిండు. నేను వెతికిన పేజీల ఆ ముచ్చటే లేకుండె. నాకు భయం పెట్టింది నిజం కాదక్కా, సగం నిజం.

తాతయ్యా, కోపం చేసుకోకుండ్రి. మీ మనవడికి తెల్వదని మీకెట్ల తెలుసు?

ఇంకొకటి. నాకు 16 ఏండ్లప్పుడు పైసల సాయం కోసం చుట్టాలొకరు వీడియో తీసిండ్రు. నన్ను అడగలే. "చావుబతుకుల మధ్య ఉన్న అబ్బాయి" అని వాట్సాప్‌ల తిరిగి తిరిగి మా క్లాస్ గ్రూప్‌లకు వచ్చింది. నడక పోయిన దానికన్న ఆ దినం ఎక్కువ బాధైంది. మీరు ఎప్పుడన్న సాయం అడిగితే, ఏం రాస్తున్నరో బాబుకు చూపెట్టి అడుగుండ్రి.

వైజాగ్ సిస్టర్
నేను న్యూరాలజీ వార్డులో చాలా ఏళ్ళుగా నర్సుని. చర్చ అంతా చెప్పాలా వద్దా అని సాగుతోంది గానీ, తల్లి రాసిన ఇంకో మాట దాటిపోతున్నాం. బాబు మాటలు తగ్గించి, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. దాన్ని దిగులు అని మనమే తేల్చేయకూడదు. ఈ జబ్బులో ఊపిరి కండరాలు నీరసించినప్పుడు అది ముందు బయటపడేది నిద్రలోనే. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, చిరాకు, చదువు మీద మనసు నిలవకపోవడం, ఇవన్నీ చూడ్డానికి అచ్చం డిప్రెషన్‌లా ఉంటాయి. మామూలుగా నడక ఆగిపోయాక వస్తుంది గానీ, అడగడం మంచిది. ఊపిరితిత్తుల పరీక్ష, అవసరమైతే నిద్ర పరీక్ష చేయించండి. డాక్టర్ని అడక్కుండా నిద్రమాత్ర మాత్రం ఇవ్వొద్దు, కొన్ని మాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

రెండోది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ అయినా డెఫ్లజాకార్ట్ అయినా కొందరు పిల్లల్లో కోపం, ఏడుపు తెస్తుంది. ముఖం ఉబ్బి బడిలో వెక్కిరింపులు కూడా మొదలవుతాయి. అలాగని ఒక్కసారిగా ఆపేయకండి, ప్రమాదం. మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకి ఎవరూ చెప్పరు: ఈ జబ్బులో కొరవడే డిస్ట్రోఫిన్ మెదడులోనూ ఉండాల్సిన పదార్థమే. అందుకే చదువులో వెనకబడడం, ఏకాగ్రత కుదరకపోవడం, ఆటిజం ఈ పిల్లల్లో మామూలు కంటే ఎక్కువ. వాణ్ణి మొండివాడని తిట్టకండి. 2018లో వచ్చిన అంతర్జాతీయ వైద్య సూచనల్లో, క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ పిల్లవాడి మనసు ఎలా ఉందో కూడా చూడాలని ఉంది. మన దగ్గర కాళ్ళు చూస్తారు, గుండె చూస్తారు, ఆ మాట మీరే అడగాలి. మీకు దిగులుతో నిద్రపట్టని రాత్రి 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ సేవ. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రాజమండ్రి తాతయ్య
కరీంనగర్ బాబూ, నీ ప్రశ్న చదివి నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. చివరి సంవత్సరం మా వాడు "తాతయ్యా, నా క్యారమ్ బోర్డు తమ్ముడి పేరు రాసి పెట్టు" అన్నాడు. అదేంట్రా, ఇద్దరూ ఆడుకోండి అన్నాను. అప్పుడు నాకు తోచలేదు. వాడికి తెలుసేమో. అయినా ఒక మాట మీద నేను నిలబడతాను: పదకొండేళ్ళ వాడి ముందు ఆయుష్షు లెక్కలు తేవద్దు.

కరీంనగర్ తమ్ముడు
తాతయ్యా, అది నేను గూడ ఒప్పుకుంట. బాబు ఆయుష్షు అడగలే. నడుస్తనా అని అడిగిండు. అడిగినదానికి జవాబు చెప్తే సాలు. మిగిలింది వాడు అడిగిన దినం చెప్పాలె. అడిగేటట్టు తలుపు తెరిచి పెట్టాలె, అంతే.

నెల్లూరు అక్క
ఒంగోలు చెల్లీ, నువ్వెలా ఉన్నావో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో "తల్లి నుంచి వచ్చిన జబ్బు" అని ఆడపడుచు నలుగురిలో అన్నప్పట్నుంచి నేను పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఈ జబ్బున్న పిల్లల్లో మూడోవంతు మందికి అది కొత్తగా ఏర్పడిన మార్పేనట, తల్లిలో ఉండనే ఉండదు. ఉన్నా మాత్రం, మనం ఏరి కోరి ఇచ్చామా? జెనెటిక్ కౌన్సెలింగ్‌కి మా ఆయన్నీ అత్తగార్నీ కూడా తీసుకెళ్ళాను. ఆ డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పాక ఇంట్లో ఆ మాట ఆగింది. డబ్బు దిగులు కూడా మనసు జబ్బే కాబట్టి చెబుతున్నా: ఆంధ్రాలో 2024 నుంచి తీవ్రమైన మస్క్యులర్ డిస్ట్రోఫీకి పింఛను నెలకి 15,000 అయ్యింది. సచివాలయంలో అడుగు.

కరీంనగర్ తమ్ముడు
మా దిక్కు 4,016 అక్కా. జబ్బైతే ఒక్కటే.

హైదరాబాద్ నాన్న
బడి సంగతి ఒకటి చెప్పడం మరిచాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ ఉంది. ఆ కాగితం పట్టుకెళ్ళి అడిగితే మా వాడి క్లాసును పై అంతస్తు నుంచి కిందికి మార్చారు. చక్రాల కుర్చీ తెస్తే ఓడిపోయినట్టని నేను ఏడాది వాయిదా వేశాను. ఆ ఏడాదంతా వాడు పడిపోతానన్న భయంతో ఇంటర్వెల్‌లో బెంచీ వదల్లేదట. కుర్చీ వచ్చాక గ్రౌండ్‌కి వెళ్ళి అంపైరింగ్ చేస్తున్నాడు.

ఒంగోలు అమ్మ
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి చెప్పాను. మా ఆయన రానన్నారు, గుమ్మం దగ్గర నిలబడ్డారు. "నాన్నా, నీ జబ్బు పేరు డుషేన్. కాళ్ళు ఇంకా నీరసిస్తాయి, కొన్నాళ్ళకి కుర్చీ కావాలి. నీ తప్పేం లేదు, అమ్మ తప్పూ లేదు" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. వాడు చాలాసేపు దుప్పటి అంచు నలుపుతూ కూర్చుని, "నాన్నకి తెలుసా? నాన్నకి చెప్పకమ్మా, ఏడుస్తాడు" అన్నాడు. అప్పుడు ఆయన లోపలికి వచ్చారు.

మంగళవారం ఊపిరి పరీక్షకి రాయించాం. పొద్దున్నే తలనొప్పి ఉందా అని అడిగితే, ఉందన్నాడు. ఇన్నాళ్ళూ మేం అడగలేదు. కరీంనగర్ తమ్ముడూ, ఆ మాట్లాడుతూ టైప్ చేసేది ఫోన్‌లో ఎలా పెట్టుకోవాలి? మావాడు నీకేదో రాయాలంటున్నాడు, ఏంటని అడిగితే నాకు చెప్పనంటున్నాడు.