సెకండ్ హ్యాండ్ మినియేచర్లు: మందపాటి రంగు వదిలించడం, విరిగినవి అతికించడం ఎలా?

కొత్తబ్రష్:
అందరికీ నమస్తే. నేను మినియేచర్ల ఆటల్లోకి, అంటే రంగులు వేసిన చిన్న చిన్న సైనికుల, డ్రాగన్ల బొమ్మలతో ఆడే ఆటల్లోకి, వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆట మానేసిన ఒకాయన దగ్గర్నుంచి పాత మినీల డబ్బా ఒకటి తీసుకున్నాను, దాదాపు నలభై బొమ్మలున్నాయి. కొన్ని చేతిలో పట్టుకుంటేనే బరువు తెలుస్తోంది కాబట్టి లోహమే అనుకుంటున్నా, మిగతావి ప్లాస్టిక్‌లా ఉన్నాయి. అసలు సమస్య రంగు. గోడలకు సున్నం కొట్టినట్టు పూశారు, ముఖాల మీద కళ్ళూ ముక్కూ ఆనవాలు లేవు, గొలుసు కవచాల్లో రింగులన్నీ పూడిపోయాయి. ఆరేడు బొమ్మలకు చేతులు ఊడిపోయాయి. ఒక డ్రాగన్ రెక్క దగ్గర పాత జిగురు గడ్డకట్టి ఉంది, ముట్టుకుంటే ఊగుతోంది. థిన్నర్‌లో ముంచెయ్, పొద్దున్నకల్లా శుభ్రమైపోతుంది అని ఫ్రెండ్ ఒకడు అన్నాడు కానీ నాకు టెన్షన్‌గా ఉంది, వీటిలో కొన్ని మళ్ళీ దొరికేవి కావు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతసీసం:
థిన్నర్ జోలికి వెళ్ళకండి. థిన్నర్ అయినా అసిటోన్ అయినా గట్టి ప్లాస్టిక్‌ని, అంటే పాలిస్టైరీన్‌ని, కరిగించేస్తాయి. నేనొకసారి లోహపు సైనికుడే కదా అని అసిటోన్‌లో వేశాను. వాడి చేతిలో డాలు ప్లాస్టిక్‌దని అప్పుడు చూసుకోలేదు. తీసేసరికి అది బంకముద్ద అయిపోయింది, ఆ డాలు నాకు ఇప్పటికీ దొరకలేదు.

అందుకని ముందు బొమ్మలన్నీ దేనితో చేసినవో చూసి వేరు చేయండి, ద్రవం సంగతి తర్వాత. బరువుంటే లోహం. తేలిగ్గా ఉండి, కాళ్ళ కింద కనబడని చోట బ్లేడుతో గీకితే సన్నటి చుట్టలా లేస్తే గట్టి ప్లాస్టిక్. పొడిపొడిగా రాలితే చాలావరకు రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పెళుసు పదార్థం) అన్నట్టు. కత్తి, ఈటె లాంటి సన్నటి భాగం వంచితే రబ్బరులా వంగి మళ్ళీ నిలబడితే అది బోర్డ్ గేముల్లో వచ్చే మెత్తటి పీవీసీ. లోహపు బొమ్మకి ప్లాస్టిక్ చేతులు, ప్లాస్టిక్ బేస్ ఉండడం మామూలే, అది మాత్రం మర్చిపోవద్దు.

రంగు తీయడానికి నేను వాడేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం పైన ఉన్నది. మూత ఉన్న గాజు సీసాలో బొమ్మ మునిగేలా పోసి వదిలేయండి. లోహాన్ని ఒక రోజంతా ఉంచినా ఏమీ కాదు. గట్టి ప్లాస్టిక్‌ని కొన్ని గంటలుంచి తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. రెజిన్ అయితే పావుగంటకోసారి తీసి చూడాలి, ఎక్కువసేపు నానితే కొన్ని రకాలు మెత్తబడతాయి. ఒక్కసారికే పోవాలని గట్టిగా రుద్దకండి, రెండు మూడు సార్లు నానబెట్టడమే మంచిది, గట్టిగా రుద్దితే ముక్కులు అరిగిపోతాయి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

డెటాల్‌తో కూడా వస్తుంది, కానీ నీళ్ళు కలపకుండా వాడాలి. రుద్దాక కూడా తిన్నగా పంపు కింద పెట్టకండి. నీళ్ళు తగిలాయంటే కరిగిన రంగు జిడ్డుముద్దగా మారి సందుల్లోకి దూరిపోతుంది, దాన్ని వదిలించడం పాత రంగు కన్నా కష్టం. ఇంకోసారి శుభ్రమైన డెటాల్‌తోనే కడిగి, ఆ తర్వాతే సబ్బునీళ్ళు.

ఇంకో ముఖ్యమైన విషయం. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది. సిటడెల్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళవి 1997 దాకా అలాగే వచ్చేవి. బొమ్మ అడుగున చెక్కిన సంవత్సరం చూసి తేల్చుకోకండి, అది శిల్పం చేసిన ఏడాది, పోత పోసిన ఏడాది కాకపోవచ్చు. అనుమానముంటే సీసమే అనుకుని, ఆకురాయి పట్టేటప్పుడు తడిపి పట్టండి, అక్కడ ఏమీ తినకండి, చేతులు కడుక్కోండి, పిల్లల చేతికి అందనివ్వకండి. ఎక్కడైనా తెల్లటి పొడి పూసినట్టు కనబడితే సీసం తుప్పుపట్టి పాడవుతోందని అర్థం. చెక్క బీరువాల్లో గాలాడకుండా ఉంచితే చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి వల్ల అలా అవుతుంది. ఆ పొడిని నోటితో ఊదొద్దు.

సన్నగీత:
పైన అన్న చెప్పిందంతా నిజమే, కానీ నలభైకి నలభై నానబెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఒక్కొక్క బొమ్మనీ టేబుల్ లైట్ కింద పక్కవాటుగా పట్టి చూడండి. కనురెప్పల అంచు, వేళ్ళ మధ్య సందు నీడలో తెలుస్తుంటే రంగు పలచగానే ఉన్నట్టు, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి వేసే మొదటి పూత) వేసుకుంటే సరిపోతుంది. డబ్బాలో ఒకటో రెండో నిజంగా బాగా వేసినవి కూడా ఉంటాయి, పాతవాళ్ళు ఎంతో ఓపిగ్గా వేసేవాళ్ళు, అలాంటివాటిని దయచేసి తుడిచేయకండి. ఊడిన చోట టచప్ చేసి అలాగే ఉంచండి. అన్నీ తీసేయాలనే తొందరలో నేను పోగొట్టుకున్న పాత గుర్రపు రౌతు మీద జెండా బొమ్మ ఎంత సన్నగా వేసి ఉండేదో, అలా వేయడం నాకు ఇప్పటికీ రాదు.

కొత్తబ్రష్:
ఇద్దరికీ చాలా థాంక్స్. లైట్ కింద చూస్తే నిజంగానే పదకొండు బొమ్మలు బాగున్నాయి, వాటిని పక్కన పెట్టేశాను. అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉన్న లోహపు మరుగుజ్జు ఒకణ్ణి ముందుగా ఆల్కహాల్‌లో వేశాను. మరి చేతులూ, ఆ డ్రాగన్ రెక్కా? డ్రాగన్ కూడా లోహమే, చాలా బరువు.

రెక్కలమరమ్మత్తు:
లోహం కాబట్టి ఆ పాత జిగురు సూపర్ గ్లూ అయ్యుంటుంది. డ్రాగన్‌ని ఒక కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. చలికి సూపర్ గ్లూ పెళుసుబారుతుంది, పొద్దున తీసిన వెంటనే మెల్లగా తిప్పితే టప్పున ఊడుతుంది. మిగిలిన గడ్డని లోహం మీదయితే అసిటోన్‌తో తీయొచ్చు, పైన చెప్పినట్టు ప్లాస్టిక్ ముక్కలేవీ లేవని చూసుకుని. ప్లాస్టిక్ బొమ్మల్ని ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించి ఉంటే మాత్రం ఫ్రీజర్ పనిచేయదు, రెండు ముక్కలూ కరిగి ఒకటైపోయి ఉంటాయి, సన్న రంపంతో కోయడమే దారి.

అంత బరువు రెక్క జిగురు మీద ఒక్కదానిమీదే నిలవదు, అందుకే ఇదివరకు అతికించినా ఊగుతోంది. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో రెండు వైపులా 1 మిల్లీమీటరు రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్క దూర్చండి. తీగ దొరక్కపోతే పేపర్ క్లిప్పు కూడా పనికొస్తుంది. రెండు రంధ్రాలు ఎదురెదురుగా రావడమే కష్టం. ఒకవైపు రంధ్రం చేశాక దాని అంచున తడి రంగు చుక్క పెట్టి రెక్కని ఆనించండి, అవతలివైపు ఎక్కడ తవ్వాలో మచ్చ పడుతుంది. అతికించాక మిగిలే సందుకి గ్రీన్ స్టఫ్, అంటే రెండు రంగుల ముద్దలు కలిపి వాడే పుట్టీ. పసుపు, నీలం సమంగా పిసికితే గంటా గంటన్నర మెత్తగా ఉంటుంది. పనిముట్టు తడి చేసుకుంటూ నొక్కండి, లేకపోతే అంటుకుపోతుంది. ఒక రోజు ఆరాకే ప్రైమర్, అదీ పలచగా రెండు పూతలు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే చేయకండి, ఉపరితలం గరుకుగా తేలుతుంది.

కొత్తబ్రష్:
మరుగుజ్జు బయటికొచ్చాడు! రెండుసార్లు నానబెట్టాను. గడ్డం మొత్తం జడలు జడలుగా అల్లి ఉంది, ఒక్కో జడ చివర చిన్న ఉంగరం. రంగు కింద అది నున్నటి ముద్దలా ఉండేది, ఇంత పని ఉందని అనుకోనేలేదు. ఎడమ కంటి మీద కత్తి గాటు కూడా ఉంది. డ్రాగన్ ఇప్పుడే ఫ్రీజర్‌లోకి వెళ్ళింది, రెక్క ఊడాక రాస్తాను.