వానాకాలంలో అభయారణ్యం లోపలి ఇంటికి వెళ్లడానికి ఏ అనుమతి తీసుకోవాలి, ఏ దారిన వెళ్లాలి?

దేవరకొండ ఆడబిడ్డ

అందరికీ నమస్కారం. మా మేనమామ చందంపేట మండలంలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దుల లోపల ఉన్న తన చెలకలోనే ఒంటిగది ఇల్లు వేసుకొని మేకలు కాచుకుంటూ ఉంటున్నారు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. తారురోడ్డు ఆగిన చోటి నుంచి అడవిలో బండ్లబాట పట్టి, రెండు ఒర్రెలు (చిన్న వాగులు) దాటితే ఆ ఇల్లు వస్తుంది. ఎండాకాలంలో మోటారుసైకిల్ ఇంటి ముందుకే పోతుంది కానీ, మృగశిర దాటి ముసురు పట్టిందంటే ఆ బాటలో నడవడం కూడా కష్టమవుతుంది.

ఆయన ఇన్సులిన్ వాడుతున్నారు, ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆయన వాడే మందు ఫ్రిజ్ బయట నాలుగు వారాలకు మించి పనికిరాదని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు కాబట్టి, వానాకాలమంతటికీ సరిపడా ఒకేసారి తీసుకెళ్లి పెట్టే వీలు లేదు. ప్రతి నెలా ఎవరో ఒకరం వెళ్లక తప్పదు. దేవరకొండకు వచ్చి మా ఇంట్లో ఉండమని అమ్మ ఎంత అడిగినా, మేకలను వదిలి రానంటారు.

పోయిన వానాకాలంలో ఒక చెక్‌పోస్టు వద్ద మమ్మల్ని ఆపి, సెప్టెంబరు ఆఖరు దాకా అడవిలోకి ఎవరినీ పంపడం లేదని తిప్పి పంపించారు. మేము చూడ్డానికి వచ్చిన వాళ్లం కాదని, మా మామయ్య ఇంటికి మందులు తీసుకెళ్తున్నామని చెప్పినా, ఏ కాగితం చూపిస్తే పంపుతారో అక్కడ చెప్పేవారు లేకపోయారు. సొంత మనిషి ఇంటికి వెళ్లడానికి కూడా అనుమతి కావాలా? కావాలంటే ఎవరిని అడగాలి? నాతో వచ్చే జీపు డ్రైవరుకు వేరుగా తీసుకోవాలా? బాట మునిగినప్పుడు నాగార్జునసాగర్ నీటి వైపు నుంచి పడవలో వెళ్లడం మంచిదేనా? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

అడవి శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని

అమ్మా, నువ్వు అడిగినది చాలా కుటుంబాలకు ఎదురయ్యే విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా తేల్చుకోవలసింది మీ మామయ్య చెలక కోర్ ప్రాంతంలో (పులుల కోసం గట్టిగా కాపాడే నడిమి అడవి) ఉందా, బఫర్‌లో (దాని చుట్టూ ఉండే ప్రాంతం) ఉందా అన్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 కోర్, మిగిలిన 445 బఫర్. నేను కింద చెప్పే నియమాలు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన భూమికి పూర్తిగా వర్తిస్తాయి. బఫర్‌లోని రెవెన్యూ గ్రామమైతే నీకు ఇంత చిక్కు ఉండదు. ఈ సంగతి అటవీ రేంజ్ కార్యాలయంలో పటం చూసి ఒక్క పూటలో చెప్పగలరు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 27వ సెక్షన్ అనుమతి లేకుండానే అభయారణ్యంలోకి వెళ్లగలవారు ఎవరెవరో చెబుతుంది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి, లోపల నివసించడానికి అధికారులు అనుమతించిన వ్యక్తి, లోపలి స్థిరాస్తి మీద ఏదైనా హక్కు ఉన్న వ్యక్తి, ఈ ముగ్గురి మీద ఆధారపడి బతికేవారు, అభయారణ్యం మీదుగా పోయే ప్రజా రహదారిపై ప్రయాణించేవారు. మీ మామయ్య మూడో కోవలోకి వస్తారు, కాబట్టి ఆయన రాకపోకలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నీ విషయం అలా కాదు. మేనకోడలు ఎంత దగ్గరి చుట్టమైనా, చట్టం చెప్పే అర్థంలో ఆయన మీద ఆధారపడినదానివి కావు. అయితే ఆ చెలక తాతల నాటిదై, అందులో మీ అమ్మగారికి వాటా ఉన్నట్లయితే, ఆమె తన హక్కు మీదే వెళ్లవచ్చు. ఆ వాటా కాగితం మీద ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే చెక్‌పోస్టులో ఉన్న మనిషి మీ వంశవృక్షం అడగడు, పాసుబుక్కు అడుగుతాడు.

వాటా లేనప్పుడు 28వ సెక్షన్ ఉంది. అనుమతి పత్రం ఇవ్వదగిన పనులను ఆ సెక్షన్ వరుసగా చెబుతుంది. వన్యప్రాణుల పరిశీలన, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యటనలతో పాటు లోపల నివసించే వ్యక్తితో చట్టబద్ధమైన పని ఉండటం కూడా అందులో ఒకటి. నీకు కావలసింది ఈ చివరిది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణి సంరక్షణ చూసే ముఖ్య అధికారి) పేర దరఖాస్తు రాసి రేంజ్ కార్యాలయం ద్వారా పంపించు. పని ఏమిటో స్పష్టంగా రాయి: ఫలానా సర్వే నంబరులో నివసించే ఫలానా వ్యక్తికి డాక్టరు రాసిన మందు ప్రతి నెలా చేర్చడం. మందుల చీటీ, ఆయన పాసుబుక్కు నకలు, నీ ఆధార్ జతచేయి. జీపు డ్రైవరుకు ఏ హక్కూ ఉండదు కాబట్టి అతని పేరు, బండి నంబరు కూడా అదే దరఖాస్తులో ఉండాలి. డ్రైవరు మారే అవకాశం ఉంటే ఇద్దరి పేర్లు రాయడం మేలు.

నిన్ను ఆపినప్పుడు చెప్పిన మాట గురించి ఒక సంగతి. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మూసివేసేది పర్యటనను. లోపల హక్కు ఉన్నవారి రాకపోకలకు ఆ మూసివేతతో సంబంధం లేదు. ఈ తేడాను అక్కడ నిలబడి వాదించి నెగ్గడం కష్టం. చేతిలో కాగితం ఉంటే వాదించవలసిన అవసరమే రాదు. దరఖాస్తు జూన్ మొదట్లోనే ఇవ్వాలని నా సలహా.

నేరేడుగొమ్ము వైపు రైతు

పెద్దాయన చట్టం చక్కగా చెప్పారు. నేను దారి గురించి, నీళ్ల గురించి చెబుతాను, ఎందుకంటే మా వైపు ప్రాణాలు పోయేది ఎక్కువగా నీళ్ల వల్లనే.

అక్కా, ఒర్రెలో నీళ్లు మోకాలు దాటి, అడుగు కనిపించకుండా ఎర్రగా పారుతున్నప్పుడు బండి దించవద్దు, కాలితో కూడా దిగవద్దు. ఆ ఒర్రెలు వాన ఆగిన కొన్ని గంటలకే తగ్గుతాయి, కాబట్టి ఒడ్డున ఆగి చూడటమే ఉపాయం. పొద్దున్నే బయలుదేరితే ఆగడానికి పొద్దు మిగులుతుంది. మధ్యాహ్నం బయలుదేరినవాళ్లే చీకటి పడుతోందని తొందరపడి దిగుతారు.

సాగర్ నీళ్ల సంగతి వేరు. ఆ నీళ్లు మన వానతో పెరగవు. పడమటి కనుమల్లో పడిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల మీదుగా శ్రీశైలానికి వచ్చి, అక్కడ గేట్లు ఎత్తితే మన దగ్గరికి వస్తుంది. అందుకే దేవరకొండలో ఎండ కాస్తుండగా కూడా ఇక్కడ నీళ్లు ఒడ్డు ఎక్కుతాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ దగ్గరికి వచ్చినప్పుడు నీళ్లు ఒర్రెల నోళ్లలోంచి లోపలికి ఎగదన్నుతాయి, అప్పుడు మీ రెండో ఒర్రె వాన లేకపోయినా తగ్గదు. రోజువారీ నీటిమట్టాలు పత్రికల్లో వస్తాయి. బయలుదేరే ముందు శ్రీశైలం గేట్లు ఎత్తారో లేదో చూడటం, వాన చూసుకోవడం కంటే ముఖ్యమని నా అనుభవం.

పడవ మంచిదేనా అన్నారు. నీళ్లు నిండి నిలకడగా ఉన్న రోజుల్లో మర పడవ బాట కంటే మేలు. గేట్లు ఎత్తి ప్రవాహం ఉన్న రోజుల్లో, గాలి గట్టిగా ఉన్నప్పుడు వెళ్లకూడదు. మా చేపలవాళ్ల పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) వాళ్ల చేతిలో ఉన్నంతసేపు భద్రమే కానీ, అలవాటు లేనివాళ్లు ఎక్కి కదిలితే తిరగబడుతుంది. ఏది ఎక్కినా లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు. దేవరకొండలో ఒకటి కొనుక్కుని మీ వెంటే ఉంచుకోండి, పడవ మనిషి ఇస్తాడని అనుకోవద్దు. నీళ్ల మీదుగా వచ్చి దిగినా అది అభయారణ్యమే, అనుమతి కాగితం అప్పుడు కూడా కావలసిందే.

మందు విషయంలో మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో గానీ, మండల కేంద్రంలో చుట్టాల ఇంట్లో గానీ రెండు మూడు నెలల మందు దాచిపెట్టి, నీళ్లు అనుకూలించిన రోజున ఆశా కార్యకర్త చేతికో, మేకలవాళ్ల చేతికో ఇచ్చి పంపుతారు. ప్రతిసారీ దేవరకొండ నుంచి బయలుదేరడం కంటే ఇది నమ్మకమైన ఏర్పాటు.

నకిరేకల్ నుంచి మిన్నెసోటా

నేను అమెరికాలో మిన్నెసోటా ఉత్తర భాగంలో ఉంటాను. ఇక్కడ చలికాలంలో ఇలాంటి సమస్యే మంచుతో వస్తుంది. సరస్సుల ఒడ్డున, అడవుల్లో ఉన్న చాలా ఇళ్లకు వేసవిలో కారు పోతుంది. మంచు పడ్డాక ఆ మట్టిదారులను ఎవరూ శుభ్రం చేయరు కాబట్టి స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీదే వెళ్లాలి. స్నోమొబైల్ బాటలు అధికారికంగా డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు తెరిచి ఉంటాయి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు ఆ బాటల మీద నడపాలంటే స్టిక్కర్ కొనుక్కోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఆ స్టిక్కర్ ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అన్నది. ఈ బాటల్లో చాలా భాగం రైతుల, ఇళ్లవాళ్ల సొంత భూముల మీదుగా, వాళ్లు ఇష్టపడి ఇచ్చిన అనుమతితో పోతుంది. బాటను చూసుకునేది స్థానిక క్లబ్బులు. యజమాని వచ్చే ఏడాది వద్దంటే బాట పక్కకు జరుగుతుంది. చేతిలో స్టిక్కర్ ఉన్నా, బాట దిగిన చోటి నుంచి ఇంటి దాకా ఉన్న ముక్క ఎవరిదో వాళ్లను అడగక తప్పదు. ఇల్లు కొనేటప్పుడే ఆ ముక్క మీద దారి హక్కును దస్తావేజులో రాయించుకున్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు, రాయించుకోనివాళ్లు మొదటి మంచుకే ఇబ్బంది పడతారు.

సరస్సు గడ్డకట్టినప్పుడు దాని మీదుగా అడ్డంగా పోవడం మీ పడవ దారి వంటిది. మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాల గట్టి, తేటైన ఐస్ ఉండాలని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా ఉన్న ఐస్ అయితే దానికి రెట్టింపు మందం కావాలి. అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన ఐస్ మోస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. కాబట్టి అక్కా, లోపలికి వెళ్లే అనుమతి, బాట మీద నడిచే హక్కు, ఆ రోజు బాట క్షేమంగా ఉండటం, ఈ మూడింటినీ విడివిడిగా చూసుకోండి. మీ బండ్లబాట ఎవరి భూమి మీదుగా పోతోందో మీకు తెలుసా?

దేవరకొండ ఆడబిడ్డ

అందరికీ నా కృతజ్ఞతలు. అమ్మ పేరు పాసుబుక్కులో లేదు, మామయ్య పేరే ఉంది. అది మామూలు పట్టానో, అటవీ హక్కు పత్రమో కనుక్కుంటాను. బండ్లబాట మొదటి ఒర్రె దాకా ఇద్దరు రైతుల చెలకల మధ్య నుంచి, ఆ తరువాత అడవిలోంచి పోతుంది. వానలు ఎక్కువైతే ఒక రాత్రి అక్కడే ఉండవలసి రావచ్చు. దానికి వేరే అనుమతి కావాలా?

అచ్చంపేట ఉపాధ్యాయుడు

నేను అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) పనిచేశాను. రాత్రి ఉండటం గురించి: 28వ సెక్షన్ ప్రవేశానికీ, లోపల ఉండటానికీ రెండింటికీ అనుమతి ఇచ్చేదే, కాబట్టి దరఖాస్తులోనే "వాగులు పొంగితే అదే ఇంట్లో రాత్రి బస" అని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే పత్రంలో పగటి ప్రవేశం మాత్రమే ఉండే అవకాశం ఉంది.

మామయ్య గారిది 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పత్రమైతే అది వారసులకు సంక్రమిస్తుంది కానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలుండదు. భార్య ఉంటే ఇద్దరి పేర్లా ఇస్తారు. ఆ చట్టంలోనే 3(2) అనే నిబంధన ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, అంగన్‌వాడీ, మంచినీటి పైపులైను వంటి పనులకు ఒక్కొక్కదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, ఇవ్వవచ్చు. ఆ ఒర్రెల అవతల ఇంకా ఇళ్లు ఉన్నట్లయితే, కాజ్‌వే (ఒర్రె దాటే తక్కువ ఎత్తు వంతెన) కోసం గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఒక్క ఇంటి కోసమైతే అది జరగడం కష్టమని నా అభిప్రాయం, నాలుగైదు ఇళ్లు కలిస్తే అడగదగినదే.

బాట విషయంలో భూమి కొలతల శాఖ నుంచి గ్రామ నక్ష (పటం) ధ్రువీకృత నకలు తీసుకోండి. పాత నక్షల్లో బండ్లబాటలు, కాలిబాటలు గీతలుగా కనిపిస్తాయి. మీ బాట అందులో ఉంటే ఆ ఇద్దరు రైతులతో గానీ, అటవీ సిబ్బందితో గానీ మాట్లాడటం తేలికవుతుంది. లేకపోతే ఇప్పుడే, మాటలు బాగున్న రోజుల్లోనే, వాళ్లిద్దరితో ఒక ఒప్పంద పత్రం రాయించుకోండి.

వెంట తీసుకెళ్లే సామాను కూడా చూసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కత్తి, వల, ఉచ్చు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. రాతపూర్వక అనుమతి లేకుండా వాటితో ప్రవేశించడాన్ని 31వ సెక్షన్ నిషేధిస్తుంది. బాట మీద కొమ్మలు నరకడానికని జీపులో కత్తి వేసుకుని వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు, మీరు అది ఇంట్లోనే పెట్టి వెళ్లండి. కొమ్మ అడ్డం పడితే బీట్ ఆఫీసరుకు (ఆ అడవి భాగాన్ని చూసుకునే అటవీ ఉద్యోగి) ఫోన్ చేయండి. అభయారణ్యంలో చెత్త వేయడం కూడా నేరమే కాబట్టి వాడిన సూదులు, ఖాళీ సీసాలు ఒక గట్టి డబ్బాలో వేసి ప్రతి నెలా తిరిగి తెచ్చి ఆసుపత్రిలో ఇవ్వండి. మేకలు తిరిగే చోట సూదులు పడి ఉండటం వాటికీ మంచిది కాదు.

చివరిగా ఫోన్ గురించి. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి మీరు వెళ్లిన రోజు, తిరిగి రావలసిన వేళ బీట్ ఆఫీసరుకూ, మీ ఇంట్లో ఒకరికీ రాసి ఇవ్వండి. వచ్చిన వెంటనే ఇద్దరికీ చెప్పండి. దరఖాస్తు నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, నేను రాసి పెడతాను.