అప్‌డేట్: ఆ ఎలక్ట్రో-అకూస్టిక్ గిటార్ స్టేజీ మీద ఎలా పలికిందంటే

జూబ్లీహిల్స్ కేఫ్‌లో పాడటానికి ఈ గిటార్ (స్పీకర్లకి కలపగలిగే అకూస్టిక్ గిటార్) పనికొస్తుందా అని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, శనివారం వాయించాను. పనికొస్తుంది. కాకపోతే ఇంట్లో వినే తియ్యదనం ప్లగ్ పెడితే రాదు. శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) కింది పీజో పికప్ (కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) తీగల కంపనాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది, చెక్క మోత అంతగా వినపడదు. గట్టిగా స్ట్రమ్ చేస్తే ప్లాస్టిక్ టకటక. మిడ్ (మధ్యస్థాయి ధ్వనులు) తగ్గించాక చెవికి ఇంపుగా ఉంది.

అసలు టెన్షన్ ఫీడ్‌బ్యాక్‌తోనే, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి దూరి హోరెత్తడంతో. మానిటర్ (వాయించేవాళ్లకి వినపడేలా స్టేజీ మీద పెట్టే స్పీకర్) పెంచగానే ఐదో తీగ దగ్గర, అంటే 110 హెర్ట్జ్ చుట్టుపక్కల, గుయ్యిమని ఒకటే హోరు! సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టి, ప్రీఆంప్‌లో (గిటార్‌లోనే ఉండే, సిగ్నల్ పెంచే సర్క్యూట్) సిగ్నల్‌ని తిరగేసే ఫేజ్ బటన్ నొక్కితే ఆగింది. మీరు చెప్పిన డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) వల్ల పొడవాటి కేబుల్‌లోనూ రొద లేదు. గిటార్‌కి కేబుల్ జాక్ గుచ్చి వదిలేస్తే మాత్రం ప్రీఆంప్ 9 వోల్టుల బ్యాటరీ ఖాళీ అవుతుంది, వాయించాక జాక్ తీసేయండి. గిటార్ ఉంచేసుకుంటున్నాను, అందరికీ థ్యాంక్స్.