చిన్న రన్‌వే మీద సెస్నా తేలిపోకుండా దింపడం ఎలా?

అనుభవమున్న పైలట్లకి నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర ఊరు. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం మీద శిక్షణలో ఉన్నాను. షార్ట్ ఫీల్డ్ ల్యాండింగ్, అంటే చిన్న రన్‌వే మీద దిగడం దగ్గరే నా సందేహమంతా.

విమానం మాన్యువల్‌లో ఉన్నట్టే ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి), 61 నాట్ల స్పీడు పట్టుకుని వస్తాను. 50 అడుగుల అడ్డంకి, అంటే మా వైపు ముదురు కొబ్బరిచెట్టంత ఎత్తు, దాటేవరకూ బాగానే ఉంటుంది. పవర్ తీసి ఫ్లేర్ చేశాక (నేల దగ్గర ముక్కు కాస్త పైకెత్తాక) మాత్రం విమానం నేలకి రెండు మూడడుగుల పైన తేలుతూ పోతుంది, దిగాలనుకున్న గుర్తు వెనకబడిపోతుంది. స్పీడు నాలుగైదు నాట్లు ఎక్కువైనా ఇంత తేడా వస్తుందా? లేక ఫ్లేర్ ముందే మొదలెడుతున్నానా? ఇది కాక్‌పిట్‌లో ఎలా పసిగట్టాలి?

మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వే 3 కిలోమీటర్ల పైనే కాబట్టి అక్కడ కాస్త తేలినా చెల్లిపోతుంది. చిన్న స్ట్రిప్‌లో అలా కుదరదు కదండీ. వెనకగాలి ప్రతి 2 నాట్లకీ దూరం 10 శాతం, ఎండు గడ్డి రన్‌వే అయితే గ్రౌండ్ రోల్‌లో (చక్రాలు ఆనాక పరిగెత్తే దూరంలో) 45 శాతం కలుపుకోమంటుంది మాన్యువల్. మే నెల ఎండలో, సముద్రగాలి తిరిగే వేళ, మీరు ఆ పైన ఇంకెంత మార్జిన్ ఉంచుకుంటారు? ఎక్కడిదాకా చక్రాలు ఆనకపోతే గో అరౌండ్ చేస్తారు (దిగకుండా మళ్ళీ పైకి లేస్తారు)? దయచేసి వివరంగా చెప్పండి.