మా వీధి బోర్ల లెక్కలు ఒకచోట చేర్చాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

హోరమావు నివాసి (ప్రశ్న)

బెంగళూరు హోరమావులోని మా లేఅవుట్‌లో నలభై రెండు ఇళ్లు, పంతొమ్మిది బోర్లు ఉన్నాయి. 2024 వేసవిలో వాటిలో సగానికి పైగా గాలి కొట్టాయి. ఆ మార్చిలో జిల్లా యంత్రాంగం ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని ధర కట్టినా, అంతకు రెట్టింపు ఇచ్చి నీళ్లు తెప్పించుకున్న రోజులు మాకున్నాయి. కావేరి తాగునీటి పథకం అయిదో దశ అదే ఏడాది అక్టోబరులో ప్రారంభమైంది కానీ, మా వీధిలో ఇంకా బోరే ఆధారం.

మూలమీద కట్టిన అపార్ట్‌మెంట్ బోరు అందరి నీళ్లూ లాగేస్తోందని ఒకరు, కాదు, వానలే లేవని మరొకరు, ప్రతి సమావేశంలోనూ ఇదే వాదన. ఎవరి దగ్గరా ఒక్క అంకె లేదు. అందరి వివరాలూ ఒకచోట రాసుకుంటే దారి దొరుకుతుందని నా నమ్మకం. అయితే ఏం కొలవాలి, తమ బోరు సంగతి బయటపెట్టడానికి జంకేవారిని ఎలా ఒప్పించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

అనంతపురం నుంచి వచ్చి మహదేవపురలో స్థిరపడినవారు

అయ్యా, మీరు అడిగిన పని మన పల్లెల్లో రైతులు చేసి చూపించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, ప్రకాశం వంటి ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచి చూసుకునే పథకం ఒకటి నడిచింది. మా నాన్నగారు అందులో పదిహేను రోజులకొకసారి బోరులోకి తీగ దించి, నీరు తగలగానే మోగే పరికరంతో లోతు చూసేవారు. వానమాపకంలోని కొలతా, బోర్ల నీటిమట్టమూ ఊరి గోడమీద బోర్డుకెక్కేవి. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత నీరుంది, వేద్దామనుకున్న పైర్లకు ఎంత కావాలి అని లెక్క వేసేవారు. వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లోటు ఎంతో కళ్లెదుట కనబడ్డాక చాలామంది తమంతట తామే ఆరుతడి పంటలకు మారారు.

అందులో నాకు ముఖ్యంగా తోచేది ఆ గోడ. కొలిచినవాడి అంకె కొలిచినవాడి కళ్లముందే ఉండేది, ఎక్కడికో వెళ్లి కాగితాల్లో పడిపోయేది కాదు. మీరు కూడా లెక్కలు రాసిన వారంలోనే వాటిని అందరికీ తిరిగి చూపించండి.

బోర్ల పని తెలిసినవారు

కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు పరిశీలన బావుల్లో మట్టాలు తీస్తుంది. ఆ లెక్క ప్రాంతం మొత్తానికి దారి చూపుతుంది తప్ప మీ వీధి తగాదాను తేల్చదు. బెంగళూరు కింద ఉన్నది గట్టి రాతి నేల, నీరు ఆ రాతి పగుళ్లలోనే నడుస్తుంది. అందుకే ముప్పై అడుగుల దూరంలోని రెండు బోర్లకు సంబంధం లేకపోవచ్చు, రెండు వీధుల అవతలిదానితో ఉండవచ్చు.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. రాత్రంతా అన్ని మోటార్లూ ఆపి, తెల్లవారుజామున అన్ని బోర్ల మట్టమూ తీయండి. తర్వాత ఆ అపార్ట్‌మెంట్ బోరు ఒక్కదాన్నే నడుపుతూ, తక్కినవాటిని అరగంటకొకసారి కొలవండి. ఏది దిగిందో, ఏది కదలలేదో కాగితం మీదే తేలిపోతుంది. ఒక్క పరీక్షతో అంతా తేలదు కానీ, అనుమానంతో మాట్లాడటం మాత్రం ఆగుతుంది.

పైపూ కేబులూ అడ్డుపడి తీగ దిగని బోరుంటే, మోటారు వేసిన ఎన్ని నిమిషాలకు గాలి లాగుతోందో, 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతోందో రాసుకున్నా పనికొస్తుంది. ఎప్పుడూ ఒకే వేళకు చూడటం మాత్రం తప్పనిసరి.

మారతహళ్లి గృహిణి

జంకు గురించి నాదొక మాట. కర్ణాటకలో 2011 నాటి భూగర్భజల చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో బోర్లను నమోదు చేయించాలి. చేయించనివారు మీ పట్టికను చూసి భయపడటం సహజం, వారిని తప్పుపట్టకూడదు. మా వీధిలో ఇంటి నంబర్లకు బదులు అక్షరాలు పెట్టాం. ఏ అక్షరం ఎవరిదో ఇద్దరు పెద్దల దగ్గరే ఉంది. బోరు ఎంత లోతో మేము అడగలేదు, మట్టం మార్పూ, నెలకు తెప్పించిన ట్యాంకర్లూ మాత్రమే అడిగాం. మొదటి నెల ఏడు ఇళ్లే ఇచ్చాయి, మూడో నెలకు ఇరవై అయ్యాయి.

వాన లెక్క కూడా కలపండి. ఇక్కడ ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు కురుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది దాదాపు 90,000 లీటర్లు, అంటే ఏడు పెద్ద ట్యాంకర్లకు పైమాటే. ఇంకుడు గుంత ఉన్న ఇంటి బోరునూ, లేని ఇంటి బోరునూ పక్కపక్కనే రాసినప్పుడు మా వాళ్లకు ఆ గుంత మీద శ్రద్ధ కలిగింది.

హోరమావు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. అపార్ట్‌మెంట్ వారితో నిన్న నేనే వెళ్లి మాట్లాడాను. నింద మోపడానికి కాదని నచ్చజెప్పాక ఒక రాత్రి మోటారు ఆపడానికి ఒప్పుకున్నారు, కొలిచేటప్పుడు తమవారు ఒకరు పక్కన ఉండాలని అడిగారు. అది న్యాయమే అనిపించింది. వచ్చే ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు తొమ్మిది బోర్లతో మొదలుపెడుతున్నాం. ఆ అంకెలను ఇక్కడ అక్షరాలతోనే రాస్తాను, చూసి చెప్పండి.